గుమ్మం రాతి మీద గీత

చీకటిగది మహారాణికి,

నిలువెల్లా దుమ్ము కొట్టుకుపోయిన నీ మొగుడు రాస్తున్నాడు. కాగితం మీద వేలిముద్రలు కనిపిస్తే విసుక్కోకు. ఇక్కడ చేతులు కడుక్కున్నా, తుడుచుకునే తువ్వాల్లోంచే మళ్ళీ ఇసుక అంటుకుంటుంది.

మొదటి ఊరు చేరాం. ఊరంటే ఒక పెట్రోలు బంకు, ఒక పోస్టాఫీసు, తలుపులు సరిగ్గా పడని గదులున్న ఒక బస. ఇక్కణ్ణించి రాళ్ళు మొదలవుతాయి. ఎడారి అంటే ఇసుక దిబ్బలే అనుకునేవాణ్ణి. ఇది రాళ్ళ ఎడారి. గాలి ఎన్ని యుగాల నుంచి చెక్కుతోందో గాని, ఒక్కోటి ఒక్కో వేషంలో నిలబడి ఉంది. ఆఫీసువాళ్ళు వాటికి నంబర్లిచ్చారు. మీ తమ్ముడు పేర్లు పెట్టాడు. పుట్టగొడుగు, దర్జీబల్ల, అలిగిన అత్తగారు. నాకూ వాడి పేర్లే గుర్తుంటున్నాయి కాబట్టి ఫిల్ము డబ్బాల మీద అవే రాస్తున్నాను. నువ్వు కంగారుపడకు.

పని మనం అనుకున్నంత తేలిక కాదు. పర్యాటక ఆఫీసు ఇంజనీరు ఎడారికి రాడట, ఆయనకి ఎండ పడదట. నేను తీసి పంపిన ఫిల్ము నువ్వు కడిగి పెద్ద ప్రింట్లు వేసిస్తే, ఆయన బల్ల మీద పరుచుకుని, ఏ రాయి కింద జనాన్ని తిరగనివ్వచ్చో, దేని చుట్టూ కంచె కట్టాలో నిర్ణయిస్తాడట. ఎత్తు తెలియడానికి ప్రతి రాయి దగ్గరా ఒక మనిషి నిలబడాలన్నాడు. ఇంకెవరున్నారు, మీ తమ్ముడే. జీపు తోలడంతో పాటు ఈ ఉద్యోగం కూడా వాడి నెత్తిన పడింది. ఇప్పుడు వాణ్ణి కొలబద్ద అని పిలుస్తున్నాను. పిలిస్తే పలుకుతున్నాడు కూడా.

ఒక చిక్కుంది. మన ముసలి కెమెరాలో ఎక్కడో ఇసుక రేణువు దూరింది. ఫిల్ము తిప్పినప్పుడల్లా గీస్తోంది. ప్రింటులో సన్నటి నల్లగీత నిలువుగా పడుతుంది. విప్పి చూద్దామంటే ఈ గాలికి ఒకటి పోయి పది దూరతాయి. గీత కనబడ్డ చోటల్లా నీ పనితనం చూపించి తుడిచెయ్యి. మచ్చలు, గీతలు ఉంటే ప్రింట్లు తిప్పి పంపేస్తానని ఇంజనీరు బయల్దేరేటప్పుడే బెదిరించాడు.

నీ భయం నాకు తెలుసు. మీ తమ్ముడు బస్సు డిపో వదిలేశాడు, గోడౌను వదిలేశాడు, ప్రెస్సు వదిలేశాడు, ఇదీ మధ్యలో వదిలేస్తాడేమోనని కదా. ఇప్పటివరకూ జీపు దిగి పారిపోలేదు. పారిపోవడానికి ఇక్కడ చోటు లేదు.

ఫిల్ములు సరుకు లారీ వాళ్ళ చేతికిస్తాను, ఉత్తరాలు పోస్టులో వేస్తాను. ఏది ముందు చేరుతుందో నీ అదృష్టం.

ఇట్లు,
నీ దుమ్ముకొట్టుకున్న మనిషి

---

కాలికి బలపం కట్టుకున్న శ్రీవారికి,

ఫిల్ములూ ఉత్తరమూ ఒకే రోజు వచ్చాయి. నా అదృష్టం అంత చెడ్డదేం కాదు.

మీ గీత సంగతి చూశాను. ప్రతి ఫోటోలోనూ రైలుపట్టాలా ఆకాశంలోంచి దిగి, రాయిని చీల్చుకుని నేల దాకా పోతోంది. బ్లేడు మొనతో గీత మీది నలుపు గోకి, బూడిదరంగు కుంచెతో అద్దుతున్నాను. మొదటి రోజు తిట్టుకున్నాను. ఇప్పుడది ఎక్కడుంటుందో చేతికి కంఠతా వచ్చేసింది. ప్రింటు బల్ల మీద పడగానే చెయ్యి దానంతటదే వెళ్తోంది. నిన్న కూరలమ్మి మొహం మీద పుట్టుమచ్చ చూసి కూడా కుంచె కోసం వెతుక్కున్నానంటే నమ్మండి.

ఇంజనీరుగారి మనిషి వచ్చి మొదటి కట్ట తీసుకెళ్ళాడు. చాలా శుభ్రంగా ఉన్నాయని ఆయన మెచ్చుకున్నాడట. మిగతావి కూడా ఆలస్యం లేకుండా కావాలన్నాడు. షాపులో పాస్‌పోర్టు ఫోటోల వాళ్ళని రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని తిప్పుతున్నాను. ఎర్ర బల్బు మాడిపోతే పక్క షాపు వాళ్ళనడిగి తెచ్చుకున్నాను.

మా తమ్ముడి మొహం ఆవగింజంత కూడా కనబడడం లేదు. మరదలు కుట్టుషాపు నుంచి రాగానే భూతద్దం తీసుకుని కూర్చుంటుంది. "ఇదిగో, చెయ్యి ఊపుతున్నాడు" అంటుంది. చూస్తే అది చెయ్యి కాదు, రాతి నీడ. పిల్లాడు మాత్రం ఏ రాయి కింద ఏ చుక్క ఉన్నా నాన్న అనేస్తున్నాడు. ఒక్క ఫోటోలో అయినా వాణ్ణి దగ్గరగా నిలబెట్టి తియ్యండి.

వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి. ముప్ఫై దాటినవాడికి ఇంకా కుదురు లేదని అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. అమ్మ పోయినప్పుడు వాడు నా కొంగు పట్టుకునే వయసు. వాడికి ఎక్కడైనా ఒకచోట కాలు నిలిస్తే చాలు, నేనింకేమీ అడగను.

ఉంటాను,
మీ ఆవిడ

---

చీకటిగది మహారాణికి,

ముందు శుభవార్త. ఈ ఊళ్ళో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడు దొరికాడు. గది మూసి, తలుపు సందులో తడిగుడ్డ కుక్కి, కెమెరా విప్పి, ఆ రేణువుని పట్టుకారుతో తీసి నా అరచేతిలో పెట్టాడు. ఇంత దానికా మా ఆవిణ్ణి ఇన్ని తిప్పలు పెట్టావు అని తిట్టి ఊదేశాను. తర్వాత ఒక ఫిల్ము ఖాళీగా తిప్పి వెలుతురులో పట్టి చూశాం. ఒక్క గీత లేదు. ఇక నీ బ్లేడుకి సెలవు.

అది బాగయ్యాకే గుమ్మం దగ్గరికి వెళ్ళాం. గుమ్మం అని పేరు పెట్టింది మీవాడే. అటూ ఇటూ రెండు రాతి కాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒకే రాయి. కింద నుంచి రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు. అవతల ఇల్లు లేదు, ఏమీ లేదు. దాని కింద నిలబడితే ఎవరి గొంతైనా తగ్గిపోతుంది. పైకి చూద్దామంటే ఎండ కళ్ళలో కొట్టి ఏమీ కనబడలేదు. సరే, చూసే పని కెమెరాకి వదిలేశాను. ఎదురుగా ఒకటి, నాలుగడుగులు పక్కకి జరిగి ఒకటి తీశాను. రెంటిలోనూ కొలబద్ద సరిగ్గా నడిగుమ్మంలో నిలబడ్డాడు.

పని అయ్యాక జీపెక్కరా అంటే ఎక్కడు. అక్కడే కూర్చున్నాడు.

"బావా, నేనిక్కడే ఉండిపోతే ఏమవుతుంది?" అన్నాడు.

"ఏమవుతుంది, మీ అక్క నా తోలు వలిచి కెమెరాకి తొడుగు కుట్టిస్తుంది," అన్నాను.

"నవ్వకు బావా. ఎక్కడికెళ్ళినా ఇంకోచోటికి పోదామనే అనిపిస్తుంది నాకు. ఇక్కడ మాత్రం అనిపించడం లేదు."

వాడు అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. దారి తెరిస్తే ఇక్కడ ఒక కాపలాదారు కావాలి కదా, ఆఫీసుకి రాస్తాను, చూద్దాం. మీ మరదలికి అప్పుడే చెప్పకు. ఆశపెట్టి లేదంటే బాగుండదు.

గుమ్మం ఫిల్ము పొద్దున్నే లారీలో వేసేశాను. ఈ ఉత్తరం దాని వెనకాల పరిగెత్తుకుంటూ రావాలి.

ఇట్లు,
తోలు ఇంకా ఒంటి మీదే ఉన్న నీ మొగుడు

---

శ్రీవారికి,

ఫిల్ములొచ్చాయి, ఉత్తరం రాలేదు. ఒక డబ్బా మీద గుమ్మం అని రాసి ఉంటే, ఇదేమిటి ఈయన ఎవరి ఇంటి గుమ్మాన్నో తీశాడు అనుకుంటూ కడిగాను. ట్రేలో బొమ్మ తేలుతుంటే చేతిలో పట్టుకారు అలాగే ఉండిపోయింది. మీ రాళ్ళన్నిటిలోకీ ఇదే రాయి. పెద్ద కాగితం మీద వేశాను. షాపులో గోడకి కూడా ఒకటి పెట్టుకుందామని ఉంది.

గీత మాత్రం ఇక్కడా వదల్లేదు. పైరాయి మీద, నడిమికి కాస్త ఇటుగా. ఈసారి కొంచెం వంకర కూడా పోయింది. మీ కెమెరాకి వయసు మీదపడి చెయ్యి వణుకుతున్నట్టుంది. ఇంజనీరుగారి మనిషి బయట బెంచీ మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. గబగబా గోకి, అద్ది, ఆరబెట్టి ఇచ్చేశాను. ఎక్కడ తుడిచానో ఇప్పుడు నాకే తెలియదు, అంత బాగా కుదిరింది.

మరదలికి జ్వరం తగ్గింది. పిల్లాడికి కొత్త చెప్పులు కొన్నాను, ఒక్కరోజులో ఒకటి పారేసుకొచ్చాడు. మేనత్త పోలిక కాదు, నాన్న పోలికే.

మళ్ళీ ఈ ఉత్తరం అంటించకుండా పెట్టి రెండు రోజులైంది, ఈలోగా రెండు సంగతులు. ఇంజనీరుగారు గుమ్మానికి మొదటి మార్కు ఇచ్చారట. పైరాయి చెక్కుచెదరకుండా ఉంది, కిందినుంచే దారి వెయ్యచ్చు, కంచె అక్కర్లేదు అన్నారట. రెండోది, మీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. కెమెరా బాగుపడిందన్నారు, సంతోషం. ఆ ముసలాయన చేతులు చల్లగుండ. తమ్ముడి మాటలు చదివి కాసేపు షట్టరు దించి కూర్చున్నాను. ఆఫీసుకి తప్పకుండా రాయండి. వాడికి ఆ ఉద్యోగం రావాలి.

మీ ఆవిడ

---

చీకటిగది మహారాణికి,

నువ్వు కోరుకున్నట్టే జరిగింది కాబట్టి నాకు టీ బాకీ. కొలబద్దకి గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం ఖాయమైంది. రేకుల గది ఒకటి, నీళ్ళ డ్రమ్ము, టోపీ, ఈల ఇచ్చారు. ఇంకో డ్రైవరుతో అవతలి వైపు రాళ్ళకి పోతూ నిన్న వాడి దగ్గర ఆగాను. గడ్డం గీసుకున్నాడు. బూట్లకి పాలిష్ వేశాడు. ఎడారిలో ఎవరు చూస్తార్రా అంటే, గుమ్మం చూస్తుంది అన్నాడు. పిచ్చి కుదిరిందనుకో.

జనం బాగానే వస్తున్నారు. ఎండ దెబ్బ తగిలినవాళ్ళకి వాడే నీళ్ళిస్తాడు, ముసలివాళ్ళని చెయ్యి పట్టుకుని దాటిస్తాడు. ఎండుపుల్లలు ఏరి తన రేకుల గది ముందు టీ కాచుకుంటాడు, నాకూ పోశాడు. టీలో ఇసుక ఉంది గాని మర్యాదకి తాగాను.

నీ ఉత్తరం వాడికి కూడా చదివి వినిపించాను. కెమెరాకి చెయ్యి వణకడం దగ్గర ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఒక్కటి చెప్పాడు. సాయంకాలం రాయి చల్లారేటప్పుడు పైనుంచి ఏదో గొణుగుడు వినిపిస్తుందట. ఒక్కోసారి సన్నగా ఇసుక రాలుతుందట. వాడు ఊరుకోలేదు, ఆఫీసుకి చీటీ రాశాడు. మన ప్రింటు ముందు పెట్టుకుని చూసి, రాయిలో ఏ లోపమూ లేదు, అనవసరంగా జనాన్ని బెదరగొట్టవద్దు అని జవాబిచ్చారట. ఇంజనీరుగారు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా. నేనూ కాసేపు చెవి ఒగ్గి విన్నాను. గాలి తప్ప ఏమీ వినపడలేదు.

"పోనీలే, ఇంట్లో ముసలాళ్ళు గొణిగితే ఇల్లు కూలుతుందా?" అన్నాను.

"అంతేలే బావా," అన్నాడు.

వచ్చే నెల మీ మరదల్నీ పిల్లాణ్ణీ తీసుకొచ్చి చూపించమన్నాడు. నువ్వూ రా. షాపుకి తాళం వేస్తే పాస్‌పోర్టు ఫోటోల వాళ్ళు ఎక్కడికీ పారిపోరు.

ఇట్లు,
టీ కోసం ఎదురుచూస్తూ,
నీ మొగుడు

---

ఏమండీ,

మీరు విచారణకి వెళ్ళిన దగ్గర్నుంచి ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ మనం మాట్లాడుకోలేదు. వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు, మధ్యలో మీరు ఒక గోడకి, నేనొక గోడకి ఆనుకుని కూర్చున్నాం.

తమ్ముణ్ణి పెట్టెలో మేకులు కొట్టి తెచ్చారు. మొహం చూపించలేదు. మీరు చూశారు. ఎలా ఉన్నాడని అడిగితే, నిద్రపోతున్నట్టున్నాడన్నారు. అంత రాయి మీద పడ్డవాడు నిద్రపోతున్నట్టు ఉండడని నాకు తెలియదా. అయినా అప్పుడు ఆ మాట నాకు కావలసి వచ్చింది, నమ్మాను.

ఇప్పుడు ఆఫీసువాళ్ళు ఇంకోటి నమ్మమంటున్నారు. పేపర్లో వేశారు, కాపలాదారు నిర్లక్ష్యం అని. రాతి కాలికి ఆనించి రోజూ మంట పెట్టి టీ కాచుకున్నాడట, ఆ వేడికి రాయి పగిలి కూలిందట. తనూ పోయి, చూడడానికొచ్చిన ఆ టీచరమ్మని కూడా పొట్టన పెట్టుకున్నాడట. ఉద్యోగానికి ముందు తీసిన ఫోటోల్లో రాయికి ఏ లోపమూ లేదు కాబట్టి, లోపం వాడు వచ్చాకే వచ్చిందని ఇంజనీరుగారు అన్నారట. వాడు రేకుల గది ముందు కదా టీ కాచుకునేది? మీరు తాగారు కూడా. చూసినవాళ్ళు ఉన్నారు కదా, ఆవిణ్ణి బయటికి నెడుతుంటేనే పైరాయి పడిందని. ఆ మాట పేపర్లో ఎందుకు లేదు?

మరదలు కుట్టుషాపుకి వెళ్తే పక్క మిషను ఆవిడ లేచి అవతలికి జరిగిందట. పిల్లాణ్ణి బళ్ళో రాయి పడేసినవాడి కొడుకు అంటున్నారు. వాడు నన్నడిగాడు, "అత్తా, అంత పెద్ద రాయి నాన్న ఎలా పడేశాడు?" అని. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

నిన్న డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాను. గుమ్మం నెగటివ్ వెలుతురులో పట్టి చూద్దామని. నా చేత్తో పేరు రాసిన కవరు అలాగే ఉంది. లోపల ఏమీ లేదు. మీరే తీసుకెళ్ళారు కదూ? ఎందుకు తీసుకెళ్ళారు?

నేను తుడిచిన ఆ గీత వంకరగా ఉంది. నాకు గుర్తుంది, దాని మీద నేను వేళాకోళం ఆడాను కాబట్టి. కెమెరా అంతకుముందే బాగుపడిందని మీరు రాశారు. అదీ నాకు గుర్తుంది. ఆ రెండు మాటలూ ఒకే రోజు నా చేతిలో ఉన్నాయి. మరి నేను తుడిచిందేమిటి?

నిజం చెప్పండి. ఈసారి నిద్రపోతున్నట్టుంది అనకండి.

నేను

---

నీకు,

నెగటివ్ నేనే తెచ్చాను. నువ్వు దాని ముందు కూర్చుని లేనిపోనివి ఊహించుకుంటావని భయపడి తెచ్చాను. ఇక్కడ బస గదిలో, బల్బు ముందు పట్టుకుని, భూతద్దంతో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. నువ్వే చూసుకో. గీత రాయి దగ్గర ఆగలేదు. ఆకాశంలోకి కూడా పోయింది. ఆకాశానికి పగుళ్ళు రావు కదా. అది కెమెరా గీతే. ఆ ముసలాయన రేణువు తీశాడు గాని, ఇంకోటి లోపలే మిగిలి ఉంటుంది. నువ్వు తుడిచింది ఫిల్ము మీది గీతని. అంతే. నీ చేతిలో ఏ తప్పూ లేదు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు, నీ మీద ఒట్టు.

నిన్న నన్ను పిలిచారు. పొడుగాటి బల్ల, దాని మీద నీళ్ళ జగ్గు, గోడకి నువ్వు వేసిన ప్రింటు. టీచరమ్మ భర్త ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన ఎవరినీ చూడడం లేదు, ప్రింటులో పైరాయినే చూస్తున్నాడు. నేనూ అటే చూడాల్సి వచ్చింది.

"ఈ ఫోటో మీరు తీసిందేనా?" అని అడిగారు. అవునన్నాను.

"ఇందులో మార్పులేమైనా చేశారా?"

"దుమ్ము మచ్చలు, ఫిల్ము గీతలు తుడవడం తప్ప ఏమీ చెయ్యలేదు," అన్నాను.

మంట గురించి కూడా అడిగారు. రేకుల గది ముందు కాచాడు, నేను చూశాను అన్నాను. మీరు చూసింది ఒక్కరోజే కదా అన్నారు. ఒక్కరోజే. ఇంకేం చెప్పను.

రాయి ఎందుకు పడిందో రాయికే తెలియాలి. వాళ్ళు ఏమన్నా రాసుకోనీ. పోయినవాడికి పేరుతో పనేముంది, ఉన్నవాళ్ళు బతకాలి. కొన్నాళ్ళకి జనమే మరిచిపోతారు. పిల్లాణ్ణి ఇంకో బళ్ళో వేద్దాం. కావాలంటే షాపు తీసేసి ఇంకో ఊరు పోదాం. నాకు ఇంక ఏ రాళ్ళూ వద్దు.

నువ్వు తిను. పడుకో. నేను వచ్చేస్తున్నాను.

నీ మనిషి

---

ఏమండీ,

మీరు పంపిన ఫిల్ము ముక్క చేరింది. కవరు మీద దస్తూరి చూసినప్పుడే, ఈయన ఏదో దాస్తున్నాడని అనిపించింది. అక్షరాలు అంత కుదురుగా మీరు పెళ్ళిచూపుల తర్వాత రాసిన ఉత్తరంలో కూడా రాయలేదు.

మీరు ఫోటోలు తీస్తారు. కడిగేది, కోసేది, ఆరేసేది నేను. అందుకే మీకు తట్టని సంగతి ఒకటుంది. కెమెరా లోపల రేణువు ఉంటే, అది ఫోటోకి ఫోటోకి మధ్య ఉండే ఖాళీ జాగాని కూడా గీస్తుంది. పక్క ఫోటోలోకి పోతుంది, ఫిల్ము చివరిదాకా పోతుంది. దానికి ఫోటో ఎక్కడ అయిపోయిందో తెలియదు. ఈ గీత ఆకాశంలో బయల్దేరి ఫోటో అంచు దగ్గర మర్యాదగా ఆగిపోయింది. పిన్నుతో గీశారా, సూదితోనా? పిన్నే అయి ఉంటుంది, అంచుల్లో పెచ్చులు లేచాయి. రాయి మీది వంకర గీతకి అతికించడానికి చాలా కష్టపడ్డట్టున్నారు. అక్కడ మీ చెయ్యి వణికింది.

ఇంకోటి కూడా మరిచిపోయారు. అదే ముక్కలో పక్కనే రెండో ఫోటో ఉంది, మీరు నాలుగడుగులు జరిగి తీసింది. అందులోనూ ఆ గీత ఉంది. మీరు జరిగితే రాయి కూడా ఫోటోలో పక్కకి జరిగింది, రాయితో పాటు గీతా జరిగింది. రెంటిలోనూ పైరాయి మీద అదే చోట, అదే వంకర. కెమెరా గీసిన గీత రాయితో పాటు నడవదు. అది పగులు. నేను పగుల్ని తుడిచాను.

తర్వాత రెండు ఫోటోలనీ పెద్దవి చేసి ప్రింట్లు వేశాను. మీరు ఆకాశంలో గీసింది తీసెయ్యడం నాకు చిటికెలో పని. కుంచె తడిపాను కూడా. తీసేస్తే మీ పేరు బయటికి రాదు. ఆ తడి కుంచెతో కూర్చుని, ఇలాగే కదా మొదలైంది అనుకున్నాను. కుంచె కడిగి పెట్టేశాను.

ప్రింట్లు రెండూ, ఫిల్ము ముక్కా విచారణ అధికారికి రిజిస్టరు పోస్టులో పంపించాను. ఫిల్ము ఇంట్లో ఉంచుకోవడానికి నన్ను నేను నమ్మలేకపోయాను. దానితో పాటు నాలుగు పేజీలు రాశాను. పగులు ముందునుంచీ ఉంది, కాపలాదారుకీ దానికీ సంబంధం లేదు, ఫిల్ము గీత అనుకుని తుడిచింది నేను, ఆకాశంలో గీత మా ఆయన తర్వాత గీసింది, అని. ఆ టీచరమ్మ భర్తకి కూడా ఇది చదివి వినిపించమని అడిగాను. ఆయన గోడ మీది ఆ శుభ్రమైన రాయిని చూస్తూ కూర్చున్నాడని మీరు రాసిన దగ్గర్నుంచి నాకు అన్నం దిగడం లేదు.

పోస్టు చేసి వచ్చి మరదలికి చెప్పాను. ఇద్దరం నిలబడే ఉన్నాం. తను అంతా విని ఒక్కటే అడిగింది.

"నువ్వు ఆ గీత చెరిపేటప్పుడు ఆయన ఫోటోలో ఉన్నారా వదినా?"

"ఉన్నాడు," అన్నాను.

"ఎక్కడ?"

"దాని కిందే."

తను లోపలికెళ్ళి బట్టలు సర్దుకుంది. పిల్లాణ్ణి తీసుకుని వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా వెనకాల వెళ్ళాను. పిల్లాడు తిరిగి తిరిగి చూశాడు. తను చూడలేదు. నేను ఆగిపోయాను.

మీ మీద నాకు కోపం ఉంది. లేదని ఎలా అంటాను. కానీ మీరు ఎందుకు చేశారో నాకు తెలుసు, తెలిసి కూడా ఏడ్చాను. మీ ఉత్తరం నేను చదివాను, నా ఉత్తరం మీరు చదివారు, ఇద్దరికిద్దరం నవ్వుకున్నాం. అది తెలియక చేసింది. పిన్ను పట్టుకుంది తెలిసి చేసింది. నన్ను కాపాడడానికి మీరు నా తమ్ముణ్ణి మళ్ళీ ఆ రాయి కింద పెట్టారు. పోయినవాడికి పేరుతో పనేముంది అని రాశారు. వాడికి జీవితంలో ఒకే ఒక్కచోట కాలు నిలిచింది. అక్కడ రాయి గొణుగుతోందని ముందుగా చెప్పింది వాడొక్కడే. చివరికి ఆవిణ్ణి బయటికి నెట్టబోయి పోయాడు. అంత సరిగ్గా చేసిన పని వాడు ఇంకోటి చెయ్యలేదు. దాన్ని నేను వాడి దగ్గర్నుంచి లాక్కోలేను.

మిమ్మల్ని మళ్ళీ పిలుస్తారు. ఆకాశంలో గీత ఎవరిదని అడుగుతారు. మీదేనని చెప్పండి. ఎందుకు గీశావంటే నా పేరు చెప్పండి, నేను ఓర్చుకుంటాను. నన్ను ఏం చేస్తారో, షాపు ఉంటుందో మూసేస్తారో నాకు తెలియదు. మీరు చెప్పి వస్తే ఇల్లుంటుంది, నేనుంటాను, ఇద్దరం కలిసి ఏదో ఒకటి పడదాం.

చెప్పకుండా మాత్రం ఇంటికి రాకండి.

వాడి అక్క